ఎన్ని దినాలుంటరు బిడ్డా?

గద్వాలకు రైలుంది. నాగర్‌కర్నూల్‌కు లేదు. వనపర్తికి ఉన్నట్టే గానీ లేనట్టే. ‘వనపర్తి రోడ్’ అని బోర్డున్న స్టేషన్ మదనాపురంలో ఉంటుంది, దిగినాక మళ్లీ ఆటోనో బస్సో పట్టాలి. మా వైపు కొత్తగా వచ్చేవాళ్లకు నేను ముందు చెప్పే సంగతి ఇదే. కిందటి వానాకాలం గద్వాల ప్లాట్‌ఫాం మీద దిగిన నలుగురికీ ఇదే చెప్పాను. ఇద్దరు జర్మనీ, ఒకబ్బాయి నెదర్లాండ్స్, నాలుగో అమ్మాయి న్యూజెర్సీలో పుట్టిన తెలుగు పిల్ల. నలుగురూ డిగ్రీ చదువుతున్నారు. పిల్లల చదువుల మీద, గిరిజనుల హక్కుల మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో ఆరు వారాల వలంటీర్ ఇంటర్న్‌షిప్‌కి వచ్చారు.

నేను వాళ్లకు దుబాసీని. వనపర్తి పిల్లగాణ్ని, పాలమూరు యూనివర్సిటీ కింద డిగ్రీ ఆఖరి ఏడాది. ఇంగ్లిష్ పర్లేదు, బైక్ ఉంది, మూడు జిల్లాల బస్సులూ తెలుసు. రోజుకు ఆరు వందలు, పెట్రోలు వేరు. సెలవుల్లో అంతకంటే మంచి పని దొరకదనుకొని ఒప్పుకున్నాను.

‘విదేశాల్లో వలంటీర్ ఇంటర్న్‌షిప్’ అనే యాడ్ మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. టీషర్టు వేసుకున్న కాలేజీ పిల్ల, చుట్టూ నవ్వుతున్న చిన్నపిల్లలు, వెనకాల మట్టిగోడ. ఆ ఫొటో చూసినప్పుడు మనం టీషర్టు పిల్ల స్థానంలో నిలబడి ఊహించుకుంటాం. ఆ మట్టిగోడ మాది కూడా కావచ్చని నాకు ఈ ఆరు వారాల్లోనే తట్టింది. ఎవరికో మనమే విదేశం కదా!

నడిగడ్డలో పూల పని

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల కాబట్టి గద్వాల వైపు నడిగడ్డ అంటారు. టూరిస్టులకు కోట, జరీ అంచు చీర, జూరాల డ్యామ్, అలంపురం గుళ్లు. మా నలుగురూ మొదటి ఆదివారమే అలంపురం వెళ్లి నవబ్రహ్మ ఆలయాలు చూసొచ్చారు. పదమూడు వందల ఏళ్ల కిందటి చాళుక్యుల రాతిపని చూసి జర్మన్ అబ్బాయి గంటసేపు మాట్లాడలేదు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. సోమవారం నుంచి మేం చూసింది వేరే గద్వాల.

దేశంలో రైతులు నాటే హైబ్రిడ్ పత్తి విత్తనాల్లో చాలా భాగం ఈ జిల్లాలో తయారవుతుంది. ‘సీడు పత్తి’ అంటారు. మామూలు పత్తి చేనుకూ దీనికీ తేడా తెలియాలంటే పొద్దుగూకే వేళ చేనులోకి పోవాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఆడ మొక్క మీద వెతికి, రేకలు ఒలిచి, లోపలి పుప్పొడి భాగాన్ని గోటితో గీకేస్తారు. గుర్తుకు చిన్న ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లారి మగ వరసల్లోంచి పువ్వు తెంపి, నిన్న ఒలిచిన ప్రతి మొగ్గకూ పుప్పొడి అద్దుతారు. క్రాసింగ్ అనేది ఈ పనే. ఒక్క చేనులో రోజూ వందల మొగ్గలు, పూలు రాలిపోయేదాకా రెండు మూడు నెలలు. యంత్రం లేదు, వేళ్లే యంత్రం. మొక్క నడుమెత్తు ఉంటుంది, కాబట్టి పెద్దవాళ్లు వంగాలి, పిల్లలు వంగనక్కర్లేదు. ఆడపిల్లల వేళ్లు సన్నం, వాళ్లకు కూలి తక్కువ. కంపెనీ ఆర్గనైజర్‌కు, ఆర్గనైజర్ రైతుకు, రైతు కూలీల ఇంటికి అడ్వాన్సు ఇస్తూ పోతారు. అడ్వాన్సు పుచ్చుకున్న ఇంట్లో సీజన్ మొదలైతే ‘బడికి పోతా’ అనే మాటకు బలం ఉండదు.

ఇది కొత్త విషయం కాదు. రెండువేల దశకం మొదట్లోనే దావులూరి వెంకటేశ్వర్లు చేసిన సర్వేల వల్ల ఈ పిల్లల సంగతి యూరప్ దాకా పోయింది, విత్తన కంపెనీలు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు పరిస్థితి అప్పటంత దారుణంగా లేదని ఊళ్లో అందరూ చెప్తారు. అయితే చట్టంలో ఒక సందుంది. 2016 సవరణ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, కానీ బడి అయ్యాక, సెలవుల్లో సొంత ఇంటి పనికి సాయం చేయొచ్చు. చేనులో కనిపించిన పిల్ల సొంత చేనులో ఉందా, అడ్వాన్సు చేనులో ఉందా? గట్టు మీద నిలబడి చూస్తే తేడా తెలీదు.

గట్టు అంటే గుర్తొచ్చింది. గట్టు మండలంలోని ఒక ఊరికి రెండో వారం వెళ్లాం. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత బాగా తక్కువగా ఉన్న మండలాల్లో అదొకటి. చేనులో తల్లి పక్కన పన్నెండు, పదమూడేళ్ల పిల్ల మొగ్గలు ఒలుస్తోంది. జర్మనీ అమ్మాయి నోట్‌బుక్ తీసి నాతో అంది: “రోజుకు ఎంత ఇస్తారో అడుగు. బడికి ఎందుకు పోవట్లేదో అడుగు.”

చేను యజమాని పది అడుగుల దూరంలో ఉన్నాడు.

నేను తెలుగులో నోరు తెరిచేలోపే సంస్థ కోఆర్డినేటర్ మేడం నా భుజం మీద చెయ్యేసింది. “ఈడ గాదు నాయనా,” అని, ఆ తల్లితో వానల గురించి, పురుగు మందు రేట్ల గురించి పావుగంట మాట్లాడి మమ్మల్ని తీసుకొచ్చేసింది. దారిలో జర్మనీ అమ్మాయికి కోపం. పిల్లను ఎవరూ అడగకపోతే ఎలా అంటుంది. మేడం చెప్పిన మాటలు నేను ఇంగ్లిష్‌లోకి మార్చాను: “ఆ పిల్ల నిజం చెప్తే రేపు ఆమె తల్లికి పని పోతుంది. అడ్వాన్సు తిరిగి కట్టమంటారు. నువ్వు ఆరు వారాలకు పోతావు. ఆ తల్లి అదే చేను గట్టున ఉంటుంది. అబద్ధం చెప్తే నీ రిపోర్టులో అబద్ధం ఉంటుంది. రెండూ మనకొద్దు.”

మర్నాడు మేడం మమ్మల్ని బడికి తీసుకుపోయింది. హెడ్మాస్టర్‌ని అడిగి మూడేళ్ల హాజరు రిజిస్టర్లు బయటికి తీయించింది. నలుగురూ మూడు రోజులు కూచొని వాటిని లాప్‌టాప్‌లో ఎక్కించారు. పేర్లు లేవు, వరస నంబర్లే. జూలై దాకా అన్నీ ‘హాజరు’. ఆగస్టు సగం నుంచి ఆడపిల్లల వరసల్లో ఖాళీలు మొదలై, అక్టోబర్ దాకా పెరిగి, డిసెంబర్లో మళ్లీ నిండాయి. ఏ పిల్లనూ ఏ ప్రశ్నా అడగలేదు. ఆ కాగితం పట్టుకొని మేడం బడి కమిటీలో కూచుంది. ఆ ఊరి తల్లిదండ్రులే ఖాళీలు చూసి, ఏ నంబరు ఎవరి పిల్లో వాళ్లే చెప్పుకున్నారు.

ఆ పని గొప్పగా జరిగింది. ఒప్పుకుంటాను. కానీ మనసులో ఒకటి మెదిలింది. రిజిస్టరు ఎక్సెల్‌లో ఎక్కించడానికి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రావాలా? గద్వాల డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు చాలరా? ఈ మాట మేడంతో అన్నాను. ఆమె నవ్వింది. “వాళ్లు పైసలు కట్టి వస్తరు, మీరు పైసలు అడుగుతరు,” అంది. తర్వాత సీరియస్‌గా ఇంకో మాట చెప్పింది. రంగారెడ్డి జిల్లాలో 1991లో పని మొదలుపెట్టిన ఎంవీ ఫౌండేషన్ వేల మంది పిల్లల్ని పనిలోంచి బడికి తెచ్చింది ఊళ్లలోని యువకులతోనే. సర్కారు టీచర్లు కూడా బాల కార్మిక విమోచన వేదిక పెట్టుకొని తోడయ్యారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే వచ్చిందని మనం జీకేలో చదువుకున్నాం. ఆ పని వెనకాల ఉన్నది సాయంత్రం రచ్చబండ దగ్గర కనిపించే పదో తరగతి అన్నలూ అక్కలూ అని మాత్రం ఏ జీకే పుస్తకమూ చెప్పలేదు.

పైసలు కట్టి పని చేసుడా?

మూడో వారం వనపర్తి. సంస్థ ఆఫీసు అక్కడే. నలుగుర్నీ ఊళ్లో తిప్పాను. సంస్థానం రాజుల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోందని, రాజు పడుకున్న గదుల్లో మా దోస్తులు ఇంజినీరింగ్ డ్రాయింగ్ వేస్తారని చెబితే నెదర్లాండ్స్ అబ్బాయి నమ్మలేదు, లోపలికి పోయి చూసొచ్చాడు. సరళాసాగర్ కూడా చూపించాను. నీళ్లు నిండితే గేట్లు ఎత్తకుండానే సైఫన్లతో వాటంతట అవే పోయే డ్యామ్ అది. 2019 డిసెంబర్ 31న దాని కట్ట తెగింది, తర్వాత మళ్లీ కట్టారు. నీళ్ల దేశంవాడు కదా, ఆ సైఫన్ బొమ్మ వేసుకొని మరీ అర్థం చేసుకున్నాడు.

ఒక రాత్రి అందర్నీ మా ఇంటికి భోజనానికి పిలిచాను. జొన్నరొట్టె, పచ్చి పులుసు, కోడికూర. అమ్మ వడ్డిస్తూ అడిగింది: “ఈ పిల్లలకు జీతమెంతిస్తరు?”

జీతం లేదమ్మా, వాళ్లే ఫీజు కట్టి వచ్చారన్నాను.

అమ్మ గరిటె ఆపింది. “పైసలు కట్టి పని చేసుడా?”

మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు అక్కడ రాయి మోసినవాడు. 1955లో పునాది పడ్డాక మా జిల్లా నుంచి గుంపులు గుంపులుగా పోయారట. ‘పాలమూరు లేబర్’ అని దేశమంతా పేరు. మా నాన్న పుణెలో పన్నెండేళ్లు బిల్డింగులు కట్టాడు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పోవడం, ఏడాదికోసారి రావడం. కల్వకుర్తి లిఫ్టు నీళ్లు వచ్చినాక ఇంటికాడే ఉంటున్నాడు. పని కోసం ఊరు విడవడమంటే మా ఇంట్లో అర్థం అది. నేను అమ్మ మాటను ఇంగ్లిష్‌లోకి మార్చకముందే న్యూజెర్సీ అమ్మాయి పళ్లెంలోకి తల వంచేసింది. ఆమెకు తెలుగు అర్థమవుతుంది మరి.

ఆ రాత్రి వాళ్లు మా అరుగు మీద కూచొని లెక్క చెప్పుకున్నారు. ఒక్కొక్కరు కట్టిన ఫీజులో సంస్థకు చేరేది ఎంత, మధ్యలో పంపించే ఏజెన్సీ ఉంచుకునేది ఎంత? ఎవరికీ పూర్తిగా తెలీదు. వీసా సంగతి మాత్రం తెలుసు. మన దేశంలో ఈ-టూరిస్ట్ వీసా మీద జీతం లేని వలంటీర్ పని గరిష్ఠంగా నెల రోజులే చేయొచ్చు. ఆరు వారాలు కాబట్టి జర్మనీ వాళ్లూ నెదర్లాండ్స్ అబ్బాయీ ఎన్జీఓలో గౌరవ సేవకని ఇచ్చే ఎంప్లాయ్‌మెంట్ వీసా తీసుకొని వచ్చారు. ఈ జాగ్రత్త చాలామంది తీసుకోరట. మనం బయటికి పోయేటప్పుడు కూడా అంతే. ‘టూరిస్ట్ వీసా చాలు, ఎవరూ అడగరు’ అని ఏజెంటు అన్నాడంటే అక్కడితో ఆ సంభాషణ ముగించడం మంచిది.

మన్ననూరు గేటు దాటాక

నాలుగో వారం నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు ఒక బస్సు, అక్కణ్నుంచి అచ్చంపేటకు ఇంకోటి, మళ్లీ మన్ననూరుకు మూడోది. అచ్చంపేట దాటి ఘాట్ ఎక్కుతుంటే గాలి మారుతుంది. మన్ననూరు దగ్గర ఫారెస్ట్ చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం రోడ్డు మూసేస్తారు, పులుల అడవి కదా. చెంచుల కోసం పెట్టిన ఐటీడీఏ ఆఫీసు కూడా ఈ ఊళ్లోనే. అడవి లోపలి చెంచు ఊళ్లను పెంటలంటారు. లోపలి పెంటలకు అటవీశాఖ అనుమతి లేకుండా పోలేం, మేం పోలేదు. రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక పెంటలో పని. ఏ ఇంట్లో ఆధార్ లేదు, ఎవరికి కుల ధ్రువీకరణ లేదు, ఎవరి రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఎక్కలేదు అని ఇల్లిల్లూ తిరిగి రాసుకోవడం.

మొదటి ఇంటి ముందు ఒక అవ్వ ఇప్పపువ్వు ఎండబెడుతోంది. పాత సరుకు, తేమ తగిలిందని మళ్లీ ఎండకు వేసిందట. నలుగుర్నీ కింది నుంచి పై దాకా చూసి ఒక్క ప్రశ్న అడిగింది.

“ఎన్ని దినాలుంటరు బిడ్డా?”

ఇంకో రెండు వారాలు అని చెప్పాను. అవ్వ తలూపి పువ్వు తిరగేసుకుంది. కోపం లేదు, వెటకారం లేదు. రెండు వారాల మనిషికి ఏం చెప్పాలో అంతే చెప్పింది. ఇంట్లో ఎంతమంది, కార్డు ఉందా లేదా, అంతవరకే. పక్కింట్లోనూ అదే ప్రశ్న. ఆ పక్కనా అదే. మూడోరోజు నుంచి నేను లెక్కపెట్టడం మానేశాను. మధ్యలో ఒకామె న్యూజెర్సీ అమ్మాయిని చూసి, “నీకు తెలుగొస్తది గదా, మరి గీ పిల్లగాడెందుకు?” అని నా ఉద్యోగానికే ఎసరు పెట్టింది. ఆ అమ్మాయికి మాటలొస్తాయి, మా యాస రాదు. ‘జర ఆగు’ అంటే ‘జ్వరమా?’ అని అడిగింది ఒకసారి.

ఈ కొండల మీదికి ఆరు వారాల లెక్క లేకుండా వచ్చిన విదేశీయుడు ఒకాయన ఉన్నాడు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి హైదరాబాద్ సంస్థానంలో ఉన్నాడు. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకుంది కాబట్టి బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశం మనిషి. అలా ఇక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ కొండల్లో చెంచుల మధ్య నెలల తరబడి ఉన్నాడు. 1943లో చెంచుల మీద పుస్తకం వచ్చింది. ఆయన చెప్పిన మీదట నిజాం సర్కారు చెంచుల కోసం అడవిలో కొంత భాగం రిజర్వుగా ఉంచింది. అన్నింటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. ఆయన 1970ల్లో మళ్లీ ఈ గిరిజన ప్రాంతాలకు వచ్చి, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో చూసి 1982లో ఇంకో పుస్తకం వేశాడు. ఆ రిజర్వు మంచిదా కాదా, ఒక బయటి మనిషి అలా నిర్ణయించొచ్చా అని ఇప్పటికీ వాదనలున్నాయి. ఉండాల్సిందే. కానీ ముప్పై ఏళ్ల తర్వాత తిరిగొచ్చి తన పనిని తనే చూసుకున్నాడు. వలంటీర్ సర్టిఫికెట్లలో ఆ గడి ఎక్కడా ఉండదు.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ సంగతీ అలాంటిదే. 1952లో జెసూట్‌గా భారత్ వచ్చాడు, మహారాష్ట్రలో పనిచేస్తుంటే 1968లో వెళ్లగొట్టారు, మరుసటి ఏడాది అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టాడు. 2009లో చనిపోయేదాకా అక్కడే. స్పెయిన్ నుంచి వలంటీర్లు ఇప్పటికీ వస్తారు. వాళ్లు వచ్చిపోయినా ఊళ్లో పని నడిపేది స్థానిక సిబ్బందే కాబట్టి వచ్చినవాళ్లు పోతే పని ఆగదు.

పెంటలో మా జాబితా పూర్తయింది. నలభై చిల్లర ఇళ్లు. నలుగురూ రంగులేసి చక్కటి షీటు తయారుచేశారు. ఐటీడీఏకూ, తహసీల్దార్ ఆఫీసుకూ దాన్ని పట్టుకొని తిరిగేది మాత్రం సంస్థలో పనిచేసే చెంచు యువకుడు. అతనిది ఆ పక్క పెంటే. వీళ్లు వెళ్లిపోయిన నెలకు ఫోన్ చేస్తే, ఏడు కార్డుల్లో పిల్లల పేర్లు ఎక్కాయి, మిగతావి ‘నడుస్తున్నాయి’ అన్నాడు. అవ్వ అతణ్ని ఎన్ని దినాలుంటవని ఎప్పుడూ అడగలేదట.

ఫీజు కట్టే ముందు

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నాకూ ఒక ఉత్తరం వచ్చింది. తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశంలో ఆరు వారాల కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఇంటర్న్‌షిప్. ప్రోగ్రాం ఫీజూ, టికెట్టూ కలిపి లక్షన్నర దాటుతుంది. వెళ్లాలనుంది. అబద్ధమెందుకు, విమానం ఎక్కాలనుంది, రెజ్యూమెలో ఆ లైను ఉండాలనుంది. మా నలుగురూ ఇక్కడ చాలా నేర్చుకున్నారు, జర్మనీ అమ్మాయి ఇప్పుడు బాలకార్మిక చట్టాల మీదే థీసిస్ రాస్తోంది. కాబట్టి వెళ్లడమే తప్పని నేను అనను.

కానీ ఎలా వెళ్లాలన్నది తేడా చేస్తుంది. బ్రిటన్ సర్కారు డబ్బుతో 2011లో మొదలైన ఇంటర్నేషనల్ సిటిజన్ సర్వీస్‌లో ఒక పద్ధతి ఉండేది. అక్కణ్నుంచి వచ్చిన ప్రతి వలంటీర్‌కూ ఆ దేశపు యువ వలంటీర్ ఒకరు జత. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే పని చేస్తారు. దుబాసీ కాదు, జోడీ. ఆ తేడా నాకు బాగా అర్థమవుతుంది. అనాథాశ్రమంలో పిల్లల్ని చూసుకునే ప్యాకేజీ మాత్రం ఎవరు అమ్మినా వద్దు. వలంటీర్ల డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లల్నే అనాథలుగా చూపించిన చోట్లున్నాయి, 2018లో ఆస్ట్రేలియా సర్కారు తన విద్యార్థుల్ని అటు పోవద్దని చెప్పింది అందుకే. ఇంట్లో లక్షన్నర లేకపోతే ఇంకో దారి కూడా ఉంది. డిగ్రీ అయ్యాక ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ పదమూడు నెలలు ఊళ్లో ఉంచుతుంది, పైగా వాళ్లే మనకు నెలనెలా డబ్బిస్తారు. ‘ఎన్ని దినాలుంటరు’ అంటే చెప్పుకోడానికి కాస్త బాగుంటుంది.

ఆ ఆఫ్రికా ప్రోగ్రాం వాళ్లకు మూడు ప్రశ్నలు మెయిల్ చేశాను. నేను రాకముందు ఈ పని ఎవరు చేస్తున్నారు, నేను పోయాక ఎవరు చేస్తారు? నా ఫీజులో ఆ ఊరి సంస్థకు చేరేది ఎంత? నాతోపాటు పనిచేసే అక్కడి మనిషికి మీరు రోజుకు ఎంత ఇస్తారు?

మొదటిదానికి రెండు పేజీల జవాబు వచ్చింది, బాగానే ఉంది. రెండోదానికి ఒక శాతం చెప్పారు. మూడోదానికి ‘త్వరలో తెలియజేస్తాం’ అన్నారు.

ఫీజుకు గడువు ఈ నెల ఇరవై ఎనిమిది. అమ్మ చిట్టీ పాట ఇరవై ఐదున. ఎత్తమంటావా వద్దా అని రోజూ అడుగుతోంది. మూడోదానికి జవాబు వచ్చినాక చెప్తా అన్నాను.